పుట్టిన నేల, మోసే జెండా: దేశం మారిన క్రీడాకారులు, రాజ్యాల బాధ్యత

(స్మారకోపన్యాస పాఠం)

1. ప్రశ్న స్వరూపం

అంతర్జాతీయ క్రీడావ్యవస్థ మొత్తం ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. ప్రతి క్రీడాకారునికీ ఒకే దేశం ఉంటుందనీ, ఆ దేశమే అతనికి జన్మనిచ్చి, పెంచి, శిక్షణ ఇప్పించి పోటీకి పంపుతుందనీ, అతడు గెలిచినప్పుడు ఎగిరే జెండాకూ అతడు గడిపిన జీవితానికీ మధ్య ఎడం ఉండదనీ ఆ నమ్మకం. గత వందేళ్లలో సామ్రాజ్యాలు కూలి సరిహద్దులు మారడం వల్ల, నిరంకుశ పాలనలనుంచి ప్రజలు పారిపోవడం వల్ల, బతుకుతెరువు కోసం కుటుంబాలు ఖండాలు దాటడం వల్ల, చమురు సంపద ఉన్న చిన్న రాజ్యాలు పతకాలు కోరుకోవడం వల్ల ఆ నమ్మకం పదేపదే బీటలు వారింది. పుట్టిన దేశానికి కాక మరో దేశానికి ఆడేవారు ఈనాడు దాదాపు ప్రతి క్రీడలోనూ కనిపిస్తారు.

వీరి ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ క్రీడాకారుని విధేయత చుట్టూనే తిరుగుతుంది. కన్ననేలను వదిలినవాడని ఒక పక్షం నిందిస్తుంది, ప్రతిభకు సరిహద్దులు లేవని మరో పక్షం సమర్థిస్తుంది. ఈ రెండు వాదాలూ ప్రశ్నను వ్యక్తి మీదనే ఉంచి, అతని చుట్టూ ఉన్న రాజ్యాలను విచారణనుంచి తప్పిస్తాయి. అడగవలసిన ప్రశ్న క్రీడాకారుడు దేశానికి ఏమి బాకీ పడ్డాడన్నది కాదు; అతని పరుగును, బలాన్ని, పేరును తమవని చెప్పుకొనే రాజ్యాలు అతనికి ఏమి బాకీ పడ్డాయన్నది. ఈ ఉపన్యాసం ఆ రెండో ప్రశ్ననే చేపడుతుంది.

చర్చకు ముందు ఒక పరిభాషను వివరించుకోవాలి. పౌరసత్వం అంటే రాజ్యానికీ వ్యక్తికీ మధ్య చట్టం ఏర్పరచిన సంబంధం. అందులో నివాసం, ఓటు, రక్షణ వంటి హక్కులున్నాయి. క్రీడా జాతీయత అంటే ఒక క్రీడాసమాఖ్య నియమాల ప్రకారం ఒక దేశం తరఫున పోటీ చేసే అర్హత మాత్రమే. సాధారణంగా రెండూ కలిసే ఉంటాయి గానీ, ఉండి తీరాలన్న నియమమేమీ లేదు. కెన్యాలో పుట్టి, చదువు కోసం డెన్మార్క్ చేరి అక్కడే స్థిరపడిన విల్సన్ కిప్‌కెటర్ 1995లో డెన్మార్క్ తరఫున 800 మీటర్ల ప్రపంచ విజేత అయ్యాడు. కాని పౌరసత్వం ఇంకా చేతికి రాకపోవడంతో 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు దూరమయ్యాడు. ఆ మరుసటి ఏడు సెబాస్టియన్ కో పేరిట పదహారేళ్లుగా ఉన్న ప్రపంచ రికార్డును చెరిపివేసి, 1 నిమిషం 41.11 సెకన్లకు తెచ్చాడు. ఒక వేదిక మీద డేనిష్ వాడైన మనిషి మరో వేదిక మీద ఏ దేశస్థుడూ కాకపోవడం ఈ రెండు భావనల మధ్య ఉన్న దూరాన్ని స్పష్టంగా చూపుతుంది.

2. మీదపడిన జెండా

దేశం మారడమంటే మనిషి ప్రయాణం చేయడమేనని అనుకోవడం సహజం. చరిత్రలో అన్నిటికంటే బాధాకరమైన ఉదాహరణలో మాత్రం మనిషి ఎక్కడికీ వెళ్లలేదు, రాజ్యమే వచ్చి అతని మీద పడింది. 1910లో జపాన్ కొరియాను తనలో కలుపుకొన్నది. రెండేళ్ల తరువాత పుట్టిన సోన్ కీ-చుంగ్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్ మారథాన్‌ను 2 గంటల 29 నిమిషాల 19 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచినప్పుడు, అధికార పత్రాలలో ఆయన పేరు జపనీస్ ఉచ్చారణలో ‘కితెయ్ సోన్’ అని, దేశం జపాన్ అని నమోదైంది. కాంస్యం గెలిచిన నామ్ సుంగ్-యోంగ్ కూడా కొరియా వాడే. విజయవేదిక మీద ఇద్దరూ తలలు వంచి నిలబడ్డారు. విజేతకు బహూకరించిన ఓక్ మొక్కను సోన్ తన ఛాతీ మీది జపాన్ చిహ్నానికి అడ్డంగా పట్టుకున్నాడు. కొరియా పత్రిక ‘డోంగా ఇల్బో’ ఆ చిత్రాన్ని ప్రచురిస్తూ చొక్కా మీది జెండాను చెరిపివేసినందుకు వలస ప్రభుత్వం పత్రికా సిబ్బందిని నిర్బంధించి, ప్రచురణను నెలల తరబడి నిలిపివేసింది.

1988 సియోల్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఒలింపిక్ జ్యోతిని మైదానంలోకి తెచ్చిన వృద్ధుడు ఈ సోనే. అయినా బెర్లిన్ పతకం అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం లెక్కలో నేటికీ జపాన్ ఖాతాలోనే ఉంది. ఒక మనిషి శ్రమను తనదిగా రాయించుకొనే అధికారం కేవలం పరిపాలన వల్లనే రాజ్యానికి దక్కుతుందా అన్న ప్రశ్నకు క్రీడాసంస్థల రికార్డులు ఇంతవరకు సమాధానం చెప్పలేదు. జెండా మారిన ప్రతి క్రీడాకారుణ్నీ అనుమానంగా చూసేవారు ముందుగా ఈ ఉదంతాన్ని గుర్తుంచుకోవాలి, ఎందుకంటే ఇక్కడ ద్రోహం జరిగింది క్రీడాకారునికే గాని అతని వల్ల కాదు.

3. వెతుక్కున్న జెండా

సోన్ కోల్పోయిన పేరును మరో తరంలో మరొకడు దేశం దాటి తిరిగి సంపాదించుకున్నాడు. నయీమ్ సులేమనోగ్లు 1967లో బల్గేరియాలోని తురుష్క అల్పసంఖ్యాక కుటుంబంలో పుట్టి, పదిహేను, పదహారేళ్ల ప్రాయంలోనే వెయిట్‌లిఫ్టింగ్ ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టాడు. 1984, 85లలో బల్గేరియా కమ్యూనిస్టు ప్రభుత్వం తురుష్క సంతతివారి పేర్లను బలవంతంగా స్లావిక్ పేర్లుగా మార్చే కార్యక్రమం చేపట్టినప్పుడు ఆయన ‘నౌమ్ షలమనోవ్’ అయ్యాడు. 1986 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో పోటీకి వెళ్లినప్పుడు జట్టునుంచి తప్పించుకొని టర్కీ చేరాడు. దేశం మారిన క్రీడాకారుడు కొంతకాలం ఆగి తీరాలన్న నియమాన్ని సడలించడానికి పాత దేశం సమ్మతి అవసరం కావడంతో, ఆ సమ్మతి కోసం టర్కీ బల్గేరియాకు పది లక్షల డాలర్లకు పైగా చెల్లించిందని వార్తలు వచ్చాయి. 1988 సియోల్‌లో 60 కిలోల విభాగంలో ఆయన క్లీన్ అండ్ జెర్క్‌లో, అంటే బరువును మొదట భుజాలకు, ఆపై తలమీదికి రెండు అంచెలుగా లేపే పద్ధతిలో, 190 కిలోలు ఎత్తాడు; అది ఆయన శరీరబరువుకు మూడింతలకు మించినది. తరువాతి రెండు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణాలు ఆయనవే.

ఈ కథను స్వేచ్ఛ సాధించిన విజయంగా చెప్పుకోవడం పరిపాటి, అది న్యాయమే. దానిలో ఇమిడి ఉన్న అన్యాయాన్ని కూడా గమనించాలి: ఒక మనిషి పేరును చెరిపేసిన రాజ్యానికే, అతణ్ని వదులుకున్నందుకు సొమ్ము ముట్టింది. సమ్మతి అధికారం పాత రాజ్యం చేతిలో ఉంచిన నియమం పీడకునికీ శిక్షకునికీ తేడా చూడలేదు.

క్రికెటర్ బేసిల్ డోలివేరా ఉదంతం రాజ్యమే తన మనిషిని బయటికి నెట్టడాన్ని మరో రూపంలో చూపుతుంది. కేప్‌టౌన్‌లో పుట్టిన ఆయనను దక్షిణాఫ్రికా జాతివివక్ష చట్టం ‘కలర్డ్’, అనగా మిశ్రమవర్ణం వానిగా వర్గీకరించింది. జాతీయ జట్టు శ్వేతజాతీయులకే పరిమితమైనందున, ఎంత బాగా ఆడినా తన దేశానికి ఆడే మార్గం ఆయనకు లేకపోయింది. వ్యాఖ్యాత జాన్ ఆర్లట్‌కు రాసిన లేఖల ఫలితంగా 1960లో ఇంగ్లండ్‌లోని ఒక లీగ్ క్లబ్బులో చేరి, 1966లో ఇంగ్లండ్ తరఫున టెస్టు ఆడాడు. 1968 ఆగస్టులో ఓవల్ మైదానంలో ఆస్ట్రేలియాపై 158 పరుగులు చేసినా, దక్షిణాఫ్రికా పర్యటన జట్టులో మొదట చోటు దక్కలేదు. తీవ్ర నిరసన చెలరేగిన తరువాత, గాయపడిన టామ్ కార్ట్‌రైట్ స్థానంలో ఆయనను తీసుకోగా, ఆ జట్టును తాము అంగీకరించబోమని దక్షిణాఫ్రికా ప్రధాని వోర్‌స్టర్ ప్రకటించాడు, పర్యటన రద్దయింది. 1970 నుంచి 1991 వరకు దక్షిణాఫ్రికా అంతర్జాతీయ క్రికెట్‌కు దూరం కావడానికి దారి తీసిన సంఘటనలలో ఇది ముఖ్యమైనది. ఇక్కడ దేశాన్ని వదిలిన క్రీడాకారుడే తన దేశపు నల్లజాతి, మిశ్రమవర్ణ ప్రజల పక్షాన నిలిచినట్లయింది. వారిని వదిలివేసినది రాజ్యమే.

ఇథియోపియాలో పుట్టి 2008లో పదిహేనేళ్ల వయసున శరణార్థిగా నెదర్లాండ్స్ చేరిన సిఫాన్ హసన్ నర్సింగ్ చదువుతూ పరుగు సాధన చేసింది, 2013లో పౌరురాలైంది. టోక్యో ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్ల స్వర్ణాలు, 2024 పారిస్‌లో మారథాన్ స్వర్ణం గెలిచింది. ఆశ్రయమిచ్చినప్పుడు ఆ దేశానికి ఆమె పేరైనా తెలియదు, పతకాల లెక్క అసలే లేదు; ఆశ్రయం ముందు వచ్చి, పరుగు తరువాత వచ్చిన క్రమమే ఈ ఉదాహరణకు గౌరవం తెచ్చింది. ఏ రాజ్యమూ లేనివారి కోసం ఒలింపిక్ సంఘం 2016 రియోలో పదిమందితో శరణార్థి జట్టును ఏర్పాటు చేయడం, 2024 పారిస్‌లో కామెరూన్‌లో పుట్టిన సిండీ న్‌గాంబా బాక్సింగ్ కాంస్యంతో ఆ జట్టుకు తొలి పతకం అందించడం, జెండా లేని మనిషికీ పోటీపడే హక్కు ఉందన్న గుర్తింపులో పెద్ద అడుగు.

4. కొనుగోలు చేసిన జెండా

పతకం కావాలి గాని దాన్ని గెలిచే మనిషిని పెంచే ఓపిక లేనప్పుడు, ఆశ్రయం ముందు, పరుగు తరువాత అన్న క్రమం తలకిందులవుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఖతార్‌కు వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం తెచ్చిన సయీద్ సైఫ్ అసాద్ కొద్దికాలం ముందు వరకు బల్గేరియాకు చెందిన ఏంజెల్ పొపోవ్. 2003లో కెన్యా పరుగువీరుడు స్టీఫెన్ చెరోనో ఖతార్ పౌరుడై, సైఫ్ సయీద్ షాహీన్ అనే పేరుతో కొద్ది వారాలలోనే పారిస్ ప్రపంచ పోటీలలో 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్, అంటే అడ్డుకంచెలు, నీటి గుంట దాటుతూ పరుగెత్తే పోటీ గెలిచాడు. జీవితాంతం నెలకు వెయ్యి డాలర్ల భృతి ఇస్తామన్న హామీ దీని వెనుక ఉందని అప్పటి వార్తాకథనాలు తెలిపాయి. ఆయన సోదరుడు క్రిస్టఫర్ కోస్గీ అదే పోటీలో 1999లో కెన్యాకు ప్రపంచ స్వర్ణం తెచ్చినవాడు. కెన్యా సమ్మతించకపోవడంతో షాహీన్ 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పాల్గొనలేకపోయాడు. అక్కడ మూడు పతకాలూ కెన్యాకే దక్కాయి. పది రోజులు గడిచాక బ్రస్సెల్స్‌లో ఆయన నెలకొల్పిన 7 నిమిషాల 53.63 సెకన్ల ప్రపంచ రికార్డు 2023 వరకు చెక్కుచెదరలేదు. ప్రపంచంలో అత్యుత్తముడైన పరుగువీరుడు తన ఉచ్చదశలోని ఒలింపిక్స్‌ను కోల్పోయాడు.

ఇంత ప్రతిభ ఉన్నవాడు ఎందుకు వెళ్లాడన్న ప్రశ్నకు ధనాశ ఒక్కటే సమాధానం కాదు. ఒలింపిక్ అథ్లెటిక్స్‌లో ఒక్కో దేశం ఒక్కో వ్యక్తిగత పోటీకి గరిష్ఠంగా ముగ్గురినే పంపగలదు. 1968 నుంచి 2016 వరకు తాను పాల్గొన్న ప్రతి ఒలింపిక్స్‌లోనూ పురుషుల స్టీపుల్‌చేజ్ స్వర్ణం గెలిచిన కెన్యాలో, నాలుగో స్థానంలో నిలిచినవాడు ప్రపంచంలో చాలా దేశాల మొదటివానికంటే మెరుగైనవాడు కావచ్చు, అయినా ఇంట్లోనే ఉండిపోతాడు. టేబుల్ టెన్నిస్‌లో చైనా పరిస్థితి ఇదే. 1983లో చైనా తరఫున ప్రపంచ విజేత అయిన నీ షియాలియాన్ లక్సెంబర్గ్‌లో స్థిరపడి, 61 ఏళ్ల వయసులో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ దేశానికి ఆడింది. దశాబ్దాలు ఒకే గడ్డ మీద జీవించి ఆడిన ఆమెనూ, వారాల వ్యవధిలో పాస్‌పోర్టు అందుకున్నవారినీ ఒకే గాటన కట్టడం విచక్షణ అనిపించుకోదు.

కొన్న పౌరసత్వం ఎంత బలహీనమైనదో 2007 జనవరిలో బయటపడింది. కెన్యాలో లియోనార్డ్ ముచేరుగా పుట్టి, బహ్రెయిన్ తరఫున ముషీర్ సలేం జౌహర్‌గా పరుగెత్తిన అథ్లెట్ ఇజ్రాయెల్‌లోని టైబీరియస్ మారథాన్ గెలిచినందుకు, ఆ దేశంతో సంబంధాలు లేని బహ్రెయిన్ అధికారులు ఆయన పౌరసత్వం తొలగిస్తున్నట్లు ప్రకటించారు. 2010 రాజ్యాంగం వచ్చేదాకా కెన్యా ద్వంద్వ పౌరసత్వాన్ని, అంటే ఒకే సమయంలో రెండు దేశాల పౌరునిగా ఉండడాన్ని అనుమతించలేదు. అందువల్ల కొత్త దేశం కాదన్నప్పుడు పాత దేశం తలుపు కూడా మూసే ఉంది. పరుగెత్తినంతకాలం ఉండి, పరుగు నచ్చనప్పుడు ఊడిపోయే సంబంధాన్ని పౌరసత్వం అనడం సాధ్యం కాదు. అది పందెంలో దిగడానికి ఇచ్చిన అనుమతి మాత్రమే.

5. నియమాలు చెప్పేది, చెప్పనిది

ఒలింపిక్ చార్టర్ 41వ నియమం ప్రకారం క్రీడాకారుడు తాను ప్రాతినిధ్యం వహించే దేశపు జాతీయుడై ఉండాలి, ఒక దేశానికి ఆడినవాడు మరో దేశానికి మారితే మూడేళ్లు ఆగాలి; సంబంధిత సంఘాలు అంగీకరిస్తే ఈ వ్యవధిని తగ్గించవచ్చు, పూర్తిగా ఎత్తివేయవచ్చు. ఈ నియమం కాలాన్ని కొలుస్తుంది గాని సంబంధాన్ని కొలవదు. 2017 ఫిబ్రవరిలో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య దేశ మార్పిడులను పూర్తిగా నిలిపివేసి, 2018లో కొత్త నిబంధనలతో పునఃప్రారంభించింది. మూడేళ్ల నిరీక్షణ, ఇరవయ్యేళ్లు నిండకముందు మార్పుకు వీలు లేకపోవడం, జీవితంలో ఒక్కసారే మార్పు, చేర్చుకునే దేశం పూర్తి పౌరసత్వాన్నీ దాని హక్కులనూ ఇస్తున్నదని ఆధారం చూపడం, ఇవన్నీ పరిశీలించడానికి ప్రత్యేక సమీక్షామండలి వాటిలో ముఖ్యమైనవి. క్రీడానియమాల చరిత్రలో విచారణ దృష్టి ఆటగానిమీదనుంచి రాజ్యం మీదికి మళ్లిన అరుదైన సందర్భమిది.

ఫుట్‌బాల్ మరో దారిన వెళ్లింది. 2020లో ఫిఫా, ఇరవైఒక్క ఏళ్లలోపు ఒక దేశానికి మూడుకు మించకుండా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడినవారు, వాటిలో ప్రపంచకప్, ఖండస్థాయి టోర్నీల తుదిదశ పోటీలు లేకపోతే, నిర్దిష్ట వ్యవధి తరువాత మరో అర్హమైన దేశానికి మారవచ్చునని నిబంధన సడలించింది. దీని వెనుక ఉన్నది వలస కుటుంబాల వాస్తవం. 2022 ప్రపంచకప్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆఫ్రికా జట్టుగా నిలిచిన మొరాకోలోని 26 మందిలో 14 మంది ఆ దేశం వెలుపల పుట్టినవారే. మాడ్రిడ్‌లో పుట్టిన అష్రఫ్ హకీమీ పెనాల్టీతోనే స్పెయిన్ ఇంటిదారి పట్టింది. తల్లిదండ్రులు కూలికి వెళ్లిన దేశంలో పుట్టి, తల్లి భాషను ఇంట్లో నేర్చుకుని పెరిగిన యువకునికి రెండు దేశాలూ నిజమే. వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడం రెండోదాన్ని తిరస్కరించడం కాదు.

6. భారతదేశం, తెలుగు సమాజం

భారతీయులకు ఈ ప్రశ్న కొత్తది కాదు. పటౌడీ నవాబు ఇఫ్తికార్ అలీ ఖాన్ 1932లో సిడ్నీలో ఇంగ్లండ్ తరఫున తొలి టెస్టులోనే శతకం కొట్టి, 1946లో ఇంగ్లండ్‌కు వెళ్లిన భారత జట్టుకు నాయకత్వం వహించాడు. తెలుగు నేలకు మరింత దగ్గరి ఉదాహరణ హైదరాబాద్‌లో 1943లో పుట్టిన ఆసిఫ్ ఇక్బాల్‌ది. రంజీ ట్రోఫీలో హైదరాబాద్‌కు ఆడిన ఆయన 1961లో పాకిస్తాన్‌కు వెళ్లి 58 టెస్టులు ఆడాడు, 1979-80లో భారత పర్యటనకు వచ్చిన పాకిస్తాన్ జట్టుకు నాయకుడయ్యాడు. ఆయన సమీప బంధువైన హైదరాబాద్ ఆఫ్‌స్పిన్నర్ గులాం అహ్మద్ అంతకు రెండు దశాబ్దాల ముందు భారత జట్టుకు నాయకుడు. ఒకే నగరం, ఒకే కుటుంబం రెండు దేశాలకు టెస్టు సారథులను ఇచ్చాయి. వారి మధ్య గీత గీసింది చరిత్ర గాని ద్వేషం కాదు.

స్వతంత్ర భారతం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. 2008 డిసెంబరులో కేంద్ర క్రీడాశాఖ భారత పాస్‌పోర్టు ఉన్నవారే దేశానికి ప్రాతినిధ్యం వహించాలని నిర్ణయించడంతో, అమెరికాలో పుట్టి ఆ ఏడు బీజింగ్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ క్రీడాకారిణి సానియా మీర్జాతో జతగా ఆడిన సునీతా రావు వంటివారికి దారి మూసుకుపోయింది. మరోవైపు, జపాన్‌లో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు అరాటా ఇజుమి అక్కడి పౌరసత్వం వదులుకొని, భారత పౌరుడై 2013లో జాతీయ జట్టుకు ఆడాడు. ఈ విధానాన్ని కఠినమైనదని విమర్శించవచ్చు గాని, పూర్తి పౌరసత్వం లేకుండా చొక్కా మాత్రమే ఇవ్వడానికి అది ఒప్పుకోదు. ఆ ఒక్క అంశంలో అది నిజాయితీ గల విధానం.

క్రికెట్‌లో మూడేళ్ల నివాసం కూడా అర్హత ఇస్తుంది. 2010లో భారత అండర్-19 జట్టుకు ఆడిన ముంబయి ఇంజనీరు సౌరభ్ నేత్రవల్కర్ 2024 టీ20 ప్రపంచకప్‌లో అమెరికా తరఫున పాకిస్తాన్‌పై సూపర్ ఓవర్‌ను కాపాడగలిగింది ఆ నియమం వల్లనే. 2023లో తొలి అండర్-19 మహిళల ప్రపంచకప్‌లో అమెరికా జట్టులోని పదిహేనుమందీ భారతీయ మూలాలవారే, సారథి గీతిక కొడాలి. తెలుగు ఇంటిపేర్లు చూసి తెలుగు పాఠకులు సంతోషించడం సహజం. అయితే ఆ బాలికలకు మైదానం, శిక్షణ, పోటీ ఇచ్చింది వారి తల్లిదండ్రులు కష్టపడిన దేశం. గెలిచినప్పుడు మనవారని పిలిచి, వారు ఆడుతున్న జెండాను మరచిపోవడం కూడా మరొకరి శ్రమను తమ ఖాతాలో రాసుకోవడమే.

7. మూడు కొలమానాలు

పై ఉదాహరణలన్నిటినీ కలిపి చూస్తే, పుట్టిన చోటు ఏ ఒక్క సందర్భంలోనూ న్యాయాన్ని నిర్ణయించలేదని తెలుస్తుంది. నిర్ణయించినవి మూడు అంశాలు. మొదటిది ఇచ్ఛ: మార్పు క్రీడాకారుడు కోరుకున్నదా, అతని మీద పడినదా. రెండోది నిలుపుదల: ఆటలు ముగిసి, గాయపడి, ముసలివాడయ్యాక కూడా ఆ దేశం అతణ్ని తనవానిగా ఉంచుకుంటుందా. మూడోది కృతజ్ఞత: అతణ్ని తయారుచేసిన బడికి, గురువుకు, కొండ ఊరికి ఏమైనా తిరిగి చేరుతుందా. అథ్లెటిక్స్ కొత్త నియమాలు రెండో అంశాన్ని కొంతవరకు పట్టించుకున్నాయి. మూడోది ఇంకా దాదాపు శూన్యం. ఫుట్‌బాల్‌లో ఆటగాడు క్లబ్బు మారినప్పుడు చెల్లించే సొమ్ములో అయిదు శాతం వరకు అతనికి చిన్ననాట శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచే పద్ధతి ఉంది, దేశం మారినప్పుడు అలాంటిదేమీ లేదు. సమ్మతి పేరిట ప్రభుత్వాలు సొమ్ము తీసుకునే చీకటి బేరాల స్థానంలో, ఆ సొమ్ము నేరుగా శిక్షణ కేంద్రాలకు చేరే బహిరంగ నియమం రావాలి.

మొదటి బాధ్యత మాత్రం పంపే దేశానిది. వర్ణం పేరిట, మతం పేరిట, పేరు పేరిట, ఎంపికలలో పక్షపాతం పేరిట తన బిడ్డను బయటికి నెట్టిన రాజ్యానికి, అతడు మరో జెండా కింద గెలిచినప్పుడు ద్రోహమని అనే అర్హత ఉండదు. ప్రతిభకు మైదానం, ఆటగానికి గౌరవం, ఓడినవానికి బతుకు భరోసా ఇచ్చే దేశం వలసను చూసి భయపడనక్కరలేదు; అలాంటి దేశంనుంచి వెళ్లేవారు ప్రేమతో వెళ్తారు, అలాంటి దేశానికి వచ్చేవారు పౌరులుగా వస్తారు. క్రీడాకారుణ్ని విధేయత అడిగే ముందు ఈ అర్హత సంపాదించుకోవడం ప్రతి రాజ్యం విధి, ఆ విధిని గుర్తుచేస్తూ ఉండడం క్రీడలను ప్రేమించే ప్రతి సమాజం కర్తవ్యం.